రెండు నిమిషాల భయం



సినిమా విద్య చదివే పిల్లలు మొట్టమొదట తీస్తామని ముందుకొచ్చే కథల్లో దెయ్యం కథలే ఎక్కువ. పెద్ద తారలు అక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు, ఒక పాత ఇల్లూ ఒక రాత్రీ దొరికితే పని జరిగిపోతుందని వాళ్ల ధీమా. ఎడిటింగ్ పాఠాలు చెప్పేదాన్నిగా ఆ ఎంపికను నేనెప్పుడూ వారించను. ప్రేమకథ తీసి చూపిస్తే బంధువులు బాగుందంటారు. సందేశం ఉన్న చిత్రం తీస్తే మాస్టార్లు మెచ్చుకుంటారు. భయం దగ్గర మాత్రం మొహమాటం చెల్లదు. పక్కన కూర్చున్నవాడు ఉలిక్కిపడ్డాడో లేదో మన కళ్లకే కనిపిస్తుంది. మన మీద ఎంత ప్రేమ ఉన్నా మర్యాద కోసం ఎవరూ ఉలిక్కిపడరు.

అందులోనూ సినిమా మొత్తం తీయొద్దంటాను. ప్రారంభం ఒక్కటే తీయమంటాను. టైటిళ్లతో కలిపి రెండు నిమిషాలు. ఇది ఇంగ్లండులో చాలాకాలం నడిచిన పద్ధతి. అక్కడ ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు, మన ఇంటర్ వయసు పిల్లలకు మీడియా స్టడీస్‌లో ప్రాక్టికల్‌గా కొన్నేళ్లపాటు దీన్నే పెట్టింది. ఒక కొత్త కథాచిత్రానికి టైటిళ్లు, ప్రారంభ సన్నివేశం, రెండు నిమిషాలు మించకూడదు. దానికి ముందు ఒక చిన్న కసరత్తు ఉండేది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి. గది దాటి ఇంకొకరి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ ఒకటి రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే.

ఇదేం పరీక్ష అనిపిస్తుంది వినేవాళ్లకి. తీసి చూస్తే తెలుస్తుంది. బయటి షాట్‌లో కుడి చేత్తో తోసిన తలుపు లోపలి షాట్‌కి వచ్చేసరికి ఎడమ చేత్తో తెరుచుకుంటుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు వస్తుంది, కెమెరా వాళ్ల మధ్య ఉండే ఊహాగీతని దాటేసింది గనక. మామూలు కథలో ఇలాంటివి కొన్ని గడిచిపోతాయి. హారర్‌లో గడవవు. భయానికి సిద్ధపడి కూర్చున్న ప్రేక్షకుడు తెర మీద ప్రతి వస్తువునీ అనుమానంగా చూస్తాడు. గోడ గడియారంలో ముల్లు వెనక్కి వెళ్తే అది మన పొరపాటని అనుకోడు. దెయ్యం పనేమో అనుకుంటాడు. ఆ తర్వాత సినిమా అంతా ఆ గడియారం కోసమే ఎదురుచూస్తాడు.

ఈ మధ్య ఒక జట్టు తీసిన ప్రారంభం గురించి మీతో కాస్త వివరంగా చెప్పుకోవాలని ఉంది.

1990ల తొలి రోజుల్లో మన ఊళ్లలో తలుపుల మీదా గోడల మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం ఇంటింటికీ వచ్చి తలుపు కొడుతుందనీ, ఆ రాత చదువుకుని వెనక్కి పోతుందనీ, మర్నాడు వచ్చినా అదే రాత చదువుకుని మళ్లీ వెళ్లిపోతుందనీ నమ్మకం. కన్నడ సీమలో 'నాళె బా' అని ఇదే రాత ఉండేది. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ' ఇలాంటి నమ్మకం మీదే నడిచింది. ఆ గోడరాతల రోజులకి మా పిల్లలు పుట్టలేదు. అమ్మమ్మలు చెబితే విన్నారు. వాళ్లకు తట్టిన ప్రశ్న చాలా చిన్నది. ఆ రాత మీద ఎవరైనా సున్నం వేసేస్తే ఏమవుతుంది?

ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయిందని నాకు అనిపించింది. ఊరంతా చదవగలిగిన నాలుగు మాటలు గోడ మీద ఉన్నంతకాలం ఇల్లు భద్రం. చెరిగిపోతే? ఇక దెయ్యం రూపురేఖలు ఎవరూ వివరించనక్కర్లేదు.

కోనసీమలో ఒక పాత మండువా ఇల్లు దొరికింది. ఆ ఇంటి మామ్మగారు ఒక్కరే ఉంటారు. పిల్లలు రాసుకున్న కథ ఇది. పట్నంలో చదువుకునే మనవరాలు సంక్రాంతికి వస్తుంది. గోడలకు వెల్ల వేసే మనిషి రాలేదని తనే కుంచె పట్టుకుంటుంది. వీధి తలుపు పక్కన గోడ మీద ఆ పాత నల్లరాత. నవ్వుకుని, దాని మీద సున్నం వేసేస్తుంది. రాత్రి కరెంటు పోతుంది. తలుపు చప్పుడవుతుంది. బయటి నుంచి ఎవరో పిలుస్తారు. అమ్మాయి పలకడానికి నోరు తెరుస్తుంది. టైటిల్ పడుతుంది. సినిమా పేరు 'రేపు'.

అయితే నా దగ్గరికి వచ్చిన మొదటి కూర్పులో పగటి భాగం దాదాపుగా లేదు. సినిమా రాత్రితోనే మొదలైంది. టార్చిలైటు, పొడవాటి జుట్టు, తెల్లచీర, గుండెలదిరే చప్పుడు. గోడ మీద రాతని మూడు సెకన్లు చూపించి వదిలేశారు. "పగలు భయమేముంటుంది మేడం, టైము వేస్టు కదా" అన్నాడు దర్శకత్వం చేసిన కుర్రాడు. ఆ ప్రశ్న దగ్గరే మేం చాలాసేపు కూర్చున్నాం. వాళ్లకు నేను చెప్పింది ఒకటే, ఇప్పుడు మీకు చెప్పేదీ అదే. భయం కంటే ముందు మమకారం పుట్టాలి. ఆ అమ్మాయి ఎవరో తెలియనప్పుడు ఆమెకేమైతే మనకేం? ఆమె కొన్ని క్షణాలైనా మనింటి పిల్ల అయితేనే ఆ చీకటి మనల్ని పట్టుకుంటుంది.

1975 నాటి 'జాస్' సినిమా గుర్తు చేసుకోండి. సముద్రతీరాన మంట చుట్టూ కుర్రకారు చేరి పాడుకుంటూ ఉంటారు. క్రిస్సీ అనే అమ్మాయి నవ్వుతూ పరుగెత్తి నీళ్లలోకి దిగుతుంది. ఆమె పేరు మనకు తెలుస్తుంది, ఆ నవ్వు తెలుస్తుంది. తర్వాత నీటి కింద నుంచి ఏదో లాగుతుంది. ఆ సన్నివేశంలో సొరచేప కనబడనే కనబడదు. నటికి తాళ్లు కట్టి మనుషులే అటూ ఇటూ లాగారు. సినిమా కోసం చేయించిన యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించేది. దాంతో స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు దాచిపెట్టాల్సి వచ్చింది. సినిమాకి జరిగిన గొప్ప మేలు అదే.

మా పిల్లలు మళ్లీ ఆ ఊరు వెళ్లారు, ఈసారి పగటి వెలుగు కోసం. అక్కడ దొరికిన రెండు షాట్ల గురించి చెప్పాలి.

మొదటిది గోడ. కుంచె ఒక్కసారి అటు నుంచి ఇటు లాగితే అక్షరాలు మాయమైపోవాలని వాళ్లు రాసుకున్నారు. సున్నం అలా చేయదు. తడిగా ఉన్నప్పుడు సున్నం పలచని నీళ్లలా ఉంటుంది, కింద ఉన్నదంతా కనిపిస్తూనే ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. షాటు పాడైందని పిల్లలు నిరాశపడుతుంటే, కెమెరా పట్టుకున్న అమ్మాయి మాత్రం ఆపకుండా నడవనిచ్చింది. ఎడిటింగ్ బల్ల మీద దాన్ని వేగం పెంచి చూశాం. కుంచె తెరలోంచి వెళ్లిపోయింది. మనిషి లేదు. గోడ మీద అక్షరాలు వాటంతటవే, ఎవరూ ముట్టుకోకుండా, ఒక్కొక్కటిగా తెల్లదనంలోకి వెళ్లిపోతున్నాయి. ఆ గదిలో ఉన్నవాళ్లందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏ కంప్యూటర్ గ్రాఫిక్సూ ఇవ్వలేని షాట్ అది. తడి సున్నం ఇచ్చింది.

రెండోది మామ్మగారి చెయ్యి. మామ్మ పాత్ర ఆవిడే వేశారు. పండగ ముందు గడపకు పసుపు రాస్తున్నారు. రాసి, మోకాళ్ల నొప్పితో లేవడానికి ఆసరాగా పక్క గోడ మీద చెయ్యి వేశారు. ఆ గోడకి అప్పుడే సున్నం పడింది. ఆవిడ చెయ్యి తీసేసరికి గోడ మీద అయిదు వేళ్లూ ఎర్రగా దిగాయి. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుందని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. తెలిసిన సంగతే, కానీ ఆ తెల్లగోడ మీద ఆ ఎర్రచెయ్యిని చూస్తే ఒళ్లు జలదరించింది. అప్పుడు కెమెరా నడవడం లేదు. ఆవిడని బతిమాలి మళ్లీ చేయించారు. ఆ షాట్ వచ్చాక, నెత్తురు కోసం తెచ్చుకున్న రంగు సీసాలు మూత తీయకుండానే వెనక్కి వెళ్లాయి. అమెరికాలో జార్జ్ రొమేరో 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు నెత్తురుగా చాక్లెట్ సిరప్ వాడారు. నలుపు తెలుపు సినిమా కాబట్టి సరిపోయింది. మనకు వంటింట్లో అంతకంటే మంచి సరుకే ఉంది.

ఇంకొక చిన్న షాట్‌ని కూడా ఉంచమని నేనే పట్టుబట్టాను. మనవరాలి చెంప మీద సున్నం చుక్క పడితే, మామ్మ తన కొంగు తడిపి తుడుస్తుంది. అందులో భయం లేదు, కథ ముందుకు పోదు. కానీ సినిమా చూసినవాళ్లంతా ఆ అమ్మాయి కోసం కంగారుపడింది ఆ కొంగు వల్లే.

ఇప్పుడు చప్పుడు సంగతి. రేడియో వినే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. కనపడని మనిషి అడుగుల చప్పుడుతో నాటకమంతా నడిపిన సంప్రదాయం మన ఆకాశవాణిది. హారర్ సినిమా కూడా సగానికి పైగా చెవులతోనే నడుస్తుంది. పిల్లలు మొదట్లో ఇంటర్నెట్‌లో దొరికిన శబ్దాలు తెచ్చి అతికించారు. చెక్క నేల మీద బూటు కాళ్ల అడుగులు, తోడేలు అరుపు, ఎక్కడో చర్చి గంట. మన మండువాలో నేల నాపరాయి. మన మనుషులు ఇంట్లో బూట్లతో తిరగరు. కోనసీమ కొబ్బరితోటల్లో తోడేళ్లు అరవవు. కళ్లు మనూరిని చూస్తుంటే చెవులు ఏ యూరపులోనో తిరుగుతున్నాయి. ఈ తేడా ఏమిటో ప్రేక్షకుడు విడమరిచి చెప్పలేడు గానీ నమ్మడం మానేస్తాడు.

అవన్నీ తీసేయించి, ఒక రాత్రంతా ఆ ఇంట్లో కూర్చుని రికార్డు చేసుకు రమ్మన్నాను. ఏం తెచ్చారో చూడండి. కీచురాళ్లు. దూరంగా గుడి మైకు. బల్లి పలకడం. దూలం ఎక్కడో చిటుక్కుమనడం. గొలుసు గొళ్లెం చెక్కకి తగిలి చేసే సన్నటి చప్పుడు. అన్నిటికంటే గొప్పది సీలింగ్ ఫ్యాన్. పాత ఫ్యాను టకటకమంటూ తిరుగుతూ ఉంటుంది, మనం పట్టించుకోం. కరెంటు పోగానే దాని చప్పుడు మెల్లమెల్లగా జారిపోయి ఆగిపోతుంది. అప్పుడు పడే నిశ్శబ్దం ఉంది చూశారూ, మన ఇళ్లలో పెరిగిన ప్రతి మనిషికీ తెలిసిన భయం అది. ఏ సంగీతమూ అక్కర్లేదు. సంగీతం వేస్తే చెడిపోయేది కూడా.

పిలుపు దగ్గర మామ్మగారే దారి చూపించారు. పిల్లలు మూడుసార్లు పిలిపించారు, ప్రతిసారీ గొంతు పెద్దది చేస్తూ. "రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకొద్దనేవారర్రా మా అత్తగారు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు" అన్నారావిడ. అంతే. మూడు పిలుపులూ ఒకటైపోయాయి. "అమ్మడూ" అని ఒక్కసారే, మామూలు గొంతుతో. మళ్లీ పిలవరు. ఆ రెండో పిలుపు కోసం ఎదురుచూడటంలోనే రెండు నిమిషాలూ పూర్తవుతాయి.

చీకటి గురించి రెండు మాటలు. చీకటిని చూపించాలంటే లైట్లు ఆర్పేయడం కాదు. లైట్లార్పితే ఫోను కెమెరా దానంతటదే సున్నితత్వం పెంచేసుకుని తెరంతా ఇసుక చల్లినట్టు చేస్తుంది. ఏదో ఒక చోట వెలుగు ఉండాలి, మిగతాది దాని చుట్టూ నల్లబడాలి. మా వాళ్లు సాయంసంధ్యలో, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడే బయటి షాట్లు తీసి రాత్రిగా చూపించారు. లోపల ఒక్క కిరసనాయిలు దీపం. కరెంటు లైట్ల కింద తీసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెట్టుకోకపోతే ట్యూబులైటు వెలుగులో తెర మీద చారలు పరుగెడతాయి.

డబ్బు లేదన్న దిగులు పిల్లలకు ఎప్పుడూ ఉంటుంది. వాళ్లకు నేను జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' కథ చెబుతాను. 1978 సినిమా. కథ జరిగేది అక్టోబరు నెలాఖరులో, తీసింది కాలిఫోర్నియాలో వసంతకాలంలో. రాలిన ఆకులు కావాలి, చెట్లేమో పచ్చగా ఉన్నాయి. ఆకులకు రంగులు వేసి వీధిలో చల్లారు. షాట్ అవగానే ఏరుకుని సంచుల్లో నింపుకుని తర్వాతి వీధికి పట్టుకెళ్లారు. హంతకుడి ముసుగు దుకాణంలో దొరికిన చవక సరుకు, తెల్లరంగు పూసి వాడుకున్నారు. సంగీతం దర్శకుడే చేసుకున్నాడు. ఇక దాని ప్రారంభం అయితే ఎన్నిసార్లు చూపించినా తరగతిలో చప్పుడుండదు. సుమారు నాలుగు నిమిషాలపాటు హంతకుడి కళ్లతోనే మనం ఆ ఇంట్లో తిరుగుతాం. చివర్లో ముసుగు తీస్తే ఆరేళ్ల పిల్లవాడు. 'ఈవిల్ డెడ్' తీసిన సామ్ రెయిమీ దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. కెమెరాని ఒక చెక్కకి బిగించి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. దెయ్యం చూపు అలా పుట్టింది. 1999లో వచ్చిన 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' దర్శకులిద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకున్న మిత్రులు. అందులో మంత్రగత్తె ఒక్క ఫ్రేములో కూడా కనపడదు.

ఇందాక చెప్పిన ఇంగ్లండు పరీక్షలో, తీసిన తర్వాత పిల్లలు ఏడు ప్రశ్నలకు సమాధానం ఇవ్వాల్సి ఉండేది. ఒకటి, సమాజంలో ఫలానా వర్గాలని మీ సినిమా ఎలా చూపించింది అన్నది. నా దృష్టిలో హారర్ తీసే తెలుగు పిల్లలు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మన దెయ్యాలు ఎవరు? చూస్తే దాదాపు అందరూ ఆడవాళ్లే. భర్త పోయినవాళ్లు, పిల్లల్లేనివాళ్లు, ఊరి చివర ఒంటరిగా బతికేవాళ్లు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ పేపర్లలో వస్తున్నాయి. 2023లో వచ్చిన 'విరూపాక్ష' మొదట్లోనే, క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరంతా కలిసి తగలబెట్టే ఘట్టం ఉంది. ఆ సినిమాలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ గుంపే.

మొదటి కూర్పులో మా పిల్లల దెయ్యం కూడా తెల్లచీర కట్టుకున్న వితంతువే. ఎందుకని అడిగితే "అలాగే ఉంటుంది కదా మేడం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు మామ్మగారు పక్కనే ఉన్నారు. ఆవిడ కట్టుకున్నది తెల్లచీరే. పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మర్నాటికి స్క్రిప్టులో తెల్లచీర లేదు. గొంతు ఒక్కటే మిగిలింది, అది ఎవరిదో తెలియదు. సినిమా పదింతలు మెరుగైంది. మనసుకి సరైనది చేస్తే కళకీ మేలు జరిగిన సందర్భం ఇదని వాళ్ల నివేదికలో నేను రాశాను.

సినిమా ఎలా ఉందో స్నేహితుల్ని అడగొద్దని కూడా చెప్పాను. వాళ్లు తెర చూడరు, తెలిసిన ముఖం చూసి ఈలలు వేస్తారు. తెలియనివాళ్లకు చూపించి, మీరు మాత్రం తెరవైపు కాకుండా వాళ్ల వైపు చూడండి. ఎక్కడ ఫోను తీశారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ కాళ్లు కుర్చీ పైకి లాక్కున్నారు. హారర్‌లో నవ్వుకీ భయానికీ మధ్య ఉన్నది కొన్ని ఫ్రేములే. అమ్మాయి నోరు తెరిచే షాట్‌ని వాళ్లు మొదట పూర్తిగా ఉంచారు, హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సగం సెకను ముందే కోసేశారు. మళ్లీ ఎవరూ నవ్వలేదు.

మీ ఊళ్లో పిల్లలెవరైనా కెమెరా పట్టుకొచ్చి, మీ పాత ఇంట్లో ఒక రాత్రి షూటింగ్ చేసుకుంటామంటే కాదనకండి. నూతికి మూత వేయించండి, కరెంటు బోర్డు ఎక్కడుందో చూపించండి, మీ అత్తగారో మామ్మగారో చెప్పిన పాత సంగతి ఏదైనా ఉంటే వాళ్లకు చెప్పండి. పూర్తయ్యాక తెచ్చి మీకే ముందు చూపించమని అడగండి. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి. పిల్లలకు కావలసింది అదే.